మూగాటలో హార్మనీ

మా బావది నాలుగు శృతి. హార్మనీ ఎరిగినవాళ్ళకి ఈ ఒక్క మాట చాలు. ఎరగనివాళ్ళ కోసం చెప్పాలంటే, మామూలు మగాడు ఒకటి దగ్గరో ఒకటిన్నర దగ్గరో హాయిగా పాడుకుంటాడు. రెండు దాటేసరికి మెడ నరాలు ఉబ్బుతాయి. మా బావ నాలుగులో ఎత్తుకుని, పై షడ్జం మీద నిలబడి, అక్కడినుంచి జనాన్ని చూసి నవ్వేవాడు. మైకు చెడిపోయిన ఊళ్ళలో కూడా చిట్టచివర చాపల మీద కూర్చున్నవాళ్ళు ఒక్క అక్షరం పోగొట్టుకోలేదు.

ఆయన మా అప్ప మొగుడు. అక్కని మావేపు అప్ప అంటాం. ఉద్దానంలో కొబ్బరితోట, కొంచెం జీడితోట ఉన్న రైతు. వాళ్ళ ఊరికి సముద్రం మూడు కిలోమీటర్లు. గాలి అటునుంచి తిరిగిన రోజున అప్ప వంటింట్లోకి హోరు వినబడేది. నేను పలాస పక్కన కాశీబుగ్గలో కాపురం ఉంటూ, నందిగాం మండలంలో ఒక ఎలిమెంటరీ స్కూల్లో పిల్లలకి ఎక్కాలు చెప్పుకునేవాణ్ణి. ఆదివారం వస్తే సైకిలు వెనక హార్మనీ పెట్టె కట్టుకుని అప్ప ఇంటికి పోయేవాణ్ణి. పదహారో ఏట ఆయన పక్కన ఆ పెట్టె ముందు కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళు అక్కడినుంచి లేవలేదు.

నాకు గొంతు లేదు. నేను పాడితే గేదె ఈనుతున్నట్టుంటుందని మా అప్ప చిన్నప్పుడే తేల్చేసింది. దేవుడు నాకు వేళ్ళిచ్చి ఊరుకున్నాడు. అయినా ఆ లోటు నాకెప్పుడూ తెలియలేదు. నాకు కావలసిన గొంతు నా ఎడంపక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడి పాడుతుండేది. ఆయన ఊపిరి ఎక్కడ తీస్తాడో, ఏ మలుపులో ఆగి జనాన్ని ఊరిస్తాడో ఆయనకంటే ముందు నా వేళ్ళకి తెలిసేది. పెళ్ళాంతో కూడా నాకంత పొత్తు కుదరలేదు. ఆ మాట మా ఆవిడే అంటుంది.

మా నాటక సమాజం ఆడేది ఒక్కటే నాటకం. బావ ఊరి పాత హెడ్మాస్టరు రాసి, మాకు నేర్పించి, పోయాడు. రాజ్యం పోగొట్టుకున్న రాజు పరాయి ఊళ్ళో కావిడి మోసి ఇంటింటికీ నీళ్ళు పోసుకుని బతుకుతుంటాడు. అతన్ని వెతుక్కుంటూ రాణి ఆ ఊరే వస్తుంది. నూతి దగ్గర దాహమడుగుతుంది. అతను ఆమె దోసిట్లో నీళ్ళు పోస్తాడు. ఆమె తాగుతుంది, ఆ నీళ్ళు పోసినవాడి మొహం పోల్చుకోదు, వెళ్ళిపోతుంది. అప్పుడు కావిడి పక్కన నిలబడి రాజు ఒక పద్యం పాడతాడు. జనం వచ్చేది ఆ పద్యానికే. మందస నుంచి నిమ్మాడ దాకా ఆ పద్యం రాని రైతు లేడంటే అతిశయోక్తి కాదు. 'వన్స్‌మోర్' అని ఒకసారి, రెండుసార్లు, టెక్కలిలో అయితే మూడుసార్లు పాడించుకున్నారు.

రెండువేల రెండో, మూడో. ముందు బావ కాళ్ళు పొంగాయి. తర్వాత మొహం. తర్వాత రెండు మెట్లెక్కితే ఆయాసం. మా ఉద్దానంలో అప్పటికే వీధికి ఇద్దరు ముగ్గురు ఆ కిడ్నీ జబ్బుతో ఉండేవారు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. నాకు బాగా కోపం తెప్పించింది అదే. పెళ్ళి పందిళ్ళలో మగవాళ్ళు పంటల సంగతి అడిగినట్టు రక్తపరీక్షలో ఒకరి క్రియాటిన్ ఎంతో ఒకరు అడిగి తెలుసుకునేవారు. రక్తం శుభ్రం చేసే డయాలసిస్ మిషన్లు అప్పట్లో పలాసలో లేవు. పొద్దున్న బండికి పలాసలో ఎక్కించి విశాఖ తీసుకుపోయి, మళ్ళీ తీసుకొచ్చేవాణ్ణి. బండిలో కిటికీ పక్కన కూర్చుని ఊళ్ళ పేర్లు చదివేవాడు. ఏ ఊళ్ళో మనం ఎప్పుడాడాం, ఎవరు ఏ పద్యానికి దండ వేశారు అని లెక్కపెట్టేవాడు. పాడేవాడు కాదు.

డాక్టరు ఉప్పు మానమన్నాడు, పప్పు తగ్గించమన్నాడు. వాటికి బావ కిమ్మనలేదు. నీళ్ళు కొలిచి తాగమన్నప్పుడు మాత్రం పిల్లాడిలా చూశాడు. తోటలో పొద్దుట్నుంచీ పొద్దుగూకేదాకా ఇసకలో తిరిగినవాడు, నూతి గట్టున నిలబడి చేంతాడు చేదకే ఉండగా చేద ఎత్తి గటగటా తాగేవాడు, ఆయనకి రోజంతటికీ ఒక సీసాడు నీళ్ళు. ఆ సీసా మా అప్ప దగ్గరుండేది. గొంతు తడుపుకోవడానికి గ్లాసు అడుగున రెండు వేళ్ళ మందం పోసి ఇచ్చేది. ఆ నూతి నీళ్ళ వల్లే జబ్బొస్తోందని కొందరనేవారు, కాదని కొందరు. అప్ప మాత్రం ఆ నీళ్ళు మానేసి ఎక్కడినుంచో బిందెలతో తెప్పించేది. బావ నూతివేపు చూస్తూ కూర్చునేవాడు.

ఆ మధ్య ఒక గృహప్రవేశంలో నలుగురూ మొహమాటపెడితే ఆ పద్యం ఎత్తుకున్నాడు. నాలుగులోనే. నేనే వాయించాను. రెండో పాదం సగంలో ఊపిరి అందలేదు, కళ్ళు తేలేశాడు. ఆటోలో పడుకోబెట్టుకుని పలాస పరిగెత్తాం. ఆ రోజు బతికాడు. ఇంటికి రాగానే మా అప్ప నాతో ఒకే ఒక్క మాటంది.

"ఇంకోపాలి ఈ ఇంట్లో పద్యమంటే నీ పెట్టి తీసుకెల్లి నూతిలో గిరాటేత్తాను. తమ్ముడివని సూడను."

అప్పటినుంచి ఆదివారాలు పెట్టె లేకుండానే వెళ్ళేవాణ్ణి. బావ వాకిట్లో నులకమంచం మీద కూర్చునుండేవాడు. కూనిరాగం కూడా లేదు. నేను తోట సంగతి అడిగేవాణ్ణి, ఆయన స్కూలు సంగతి అడిగేవాడు. ఇద్దరం పక్కింటివాళ్ళలా మాట్లాడుకుని లేచేవాళ్ళం. నిజం చెప్పేస్తాను. ఆయన ప్రాణం గురించి అందరికీ ఉన్నంత భయం నాకూ ఉంది. కానీ నన్ను లోపల్లోపల తొలిచేసింది ఆ భయం కాదు. ఆ పద్యం ఇంక ఒక్కసారైనా వింటానా అన్నదే. ఆ గొంతు మీద అంత బెంగపడిపోయాను. ఇంటిదగ్గర సాయంత్రం తలుపేసుకుని ఆ పద్యం నాలుగులో కాకుండా రెండులో వాయించుకునేవాణ్ణి. నాలుగులో ఆయనకి ఊపిరి చాలదు, రెండులో అయితే చాలుతుందేమో. ఇక్కడ ఆపితే, అక్కడ కొంచెం తొందరగా దాటిస్తే, అని ఆయన లేకుండానే ఆయన చేత పాడించుకునేవాణ్ణి. ఇది ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వరు, తిడతారు.

ఇంతలో టెక్కలి నుంచి డ్రాయింగు మాష్టారు దిగాడు. మా నాటకానికి కోట తెర, అడవి తెర రాసింది ఆయనే. విశాఖలో ఎవరో పదిరోజులు నేర్పిస్తే మాటల్లేకుండా ఆడే ఆట నేర్చుకొచ్చాడు. మొహానికి తెలుపు పూసుకుని, చేతిలో ఏమీ లేకుండా, అన్నీ ఉన్నట్టు చెయ్యడం. బావ ముందు మంచం కోడు పట్టుకుని కూర్చుని, "గొంతు లేకపోతేనేం గురువుగారూ, ఒళ్ళుంది కదండీ. మన నాటకంలో నూతి దగ్గర సీను ఒక్కటీ అరగంట ఆడదాం. మాట లేదు, పద్యం లేదు, ఆయాసం లేదు" అన్నాడు.

బావ మొహంలో ఏడాదిగా లేని వెలుగొచ్చింది. మా అప్ప కూడా సరేనంది. "కూకుని నూతికేసి సూడ్డం కంటే నయమే కదా" అంది. ఒప్పుకోనిది నేనొక్కణ్ణే. మూగాటకి హార్మనీ అంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే కదా. నాకక్కడ పనేటి? పద్యం తీసేసిన ఆ సీను ఉప్పులేని కూర అన్నాను. బావ నవ్వి, "ఉప్పునేని కూర నాను రోజూ తింతన్నాను. నువ్వో పూట తినలేవేట్రా?" అన్నాడు.

రిహార్సళ్ళు అప్ప ఇంటి వెనక కొబ్బరికాయల షెడ్డులో. రేకుల కప్పు, మూడు వేపులా కాయల గుట్టలు, మధ్యలో నాలుగు బల్లలు పట్టేంత చోటు. ఆరుబయటలా మంచు పడదు, దుమ్ము లేవదు, ఆయనకి మంచిదని అప్పే అక్కడ తుడిచి ఇచ్చింది. రాణి వేషం పలాసలో టైలరు. ఇరవై ఏళ్ళుగా ఆ వేషం అతనిదే. మీసం లేకుండా ఇరవై ఏళ్ళు తిరిగిన మగాడు మా జిల్లాలో అతనొక్కడేనేమో.

పద్యాలు పాడిన నోళ్ళు ఊరికే మూతపడతాయా? టైలరు పెదాలు ఆడుతూనే ఉండేవి. డ్రాయింగు మాష్టారు విసిగిపోయి అతని నోటికి జేబురుమాలు కట్టేశాడు. అయినా లోపల్నుంచి గొణుగుడు వినిపించేది. అంతకంటే తమాషా, సీను అయిపోయాక ఇద్దరూ కదలకుండా అలాగే నిలబడిపోయేవారు. "ఏమైందండీ, వెళ్ళండి లోపలికి" అంటే, బావ తడుముకుని, "వన్స్‌మోరంతారేమోనని ఆగినాం" అన్నాడు. ఖాళీ షెడ్డులో, కొబ్బరికాయల ముందు. నవ్వాపుకోలేక చచ్చాం.

కానీ బావ కావిడి ఎత్తుకున్నప్పుడు ఎవరం నవ్వలేదు. చేతిలో కర్ర లేదు, కుండలు లేవు. డ్రాయింగు మాష్టారు నిటారుగా నడిచి చూపించాడు. "అలగ కాదండి" అన్నాడు బావ. "నిండు కావిడి అలగ నడిస్తే సగం నీల్లు దార్లోనే పోతాయి. మోకాలు సడలించాల. కుండ ఊగినపుడు మనమూ ఊగాల, దాంతో దెబ్బలాడకూడదు." కొబ్బరి మొక్కలకి ఎన్నేళ్ళు పోశాడో ఆ నీళ్ళు. బల్ల మీద నడుస్తుంటే ఇసకలో పాదం దిగబడినట్టే ఉంది. డ్రాయింగు మాష్టారు నోట్సు పుస్తకం మూసేసి, ఇంక మీకు నేను నేర్పేదేం లేదన్నాడు. నాకు గొప్పగానే అనిపించింది. అయినా మనసు ఒప్పుకోలేదు. ఇంతా చేసి, అసలు చోటుకొచ్చేసరికి పద్యం ఉండదు కదా, అదే నా గోల.

ఆట రోజుకి పెట్టె తెమ్మని బావే కబురు చేశాడు. ఏ ఆటకైనా ముందు హార్మనీకి బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి, ప్రార్థనకి శృతి ఇవ్వడం మా సమాజం ఆనవాయితీ. మూగాట అయినా అది తప్పదు. నేను పెట్టె దించుతుంటే అప్ప వచ్చి ఎదురుగా నిలబడింది.

"దేనికి తెచ్చినావు?"

"ప్రార్థనకప్పా. అది అవగానే మూత పెట్టేత్తాను."

"పెట్టి మీద సెయ్యేసి సెప్పు."

హార్మనీ వాయించేవాడు హార్మనీ మీద ఒట్టేస్తే అది తల్లి మీద వేసినట్టే. చెయ్యి వేసి చెప్పాను. అప్ప నీళ్ళ సీసా కొంగులో పెట్టుకుని షెడ్డు గుమ్మం దగ్గర పీట వేసుకుంది.

మధ్యాహ్నం మూడు గంటలకి మొదలు. యాభై మంది పట్టని చోట ఎనభై మంది ఎక్కారు. గుట్టల మీద కూర్చున్నవాళ్ళ కింద నుంచి కాయలు జారి దడదడమని స్టేజీ మీదకి దొర్లేవి. ఎండు కొబ్బరి వాసన, రేకుల వేడి. బావ తెల్లటి మొహంతో వచ్చేసరికి ముందు వరసలో ఒక పిల్ల కెవ్వుమంది. అంతకుముందే అప్ప ఆ తెలుపు చూసి, "సచ్చినోడి మొకంలాగున్నాది, తుడుసుకో" అని గొడవ పెట్టింది. బావ వినలేదు. ప్రార్థన అయింది. నేను పెట్టె వెనక గాలి తిత్తి మూశాను. మూత పెట్టలేదు. పెడదాం పెడదాం అనుకుంటూ పెట్టలేదు.

బావ నూతిలోకి వంగి చేద వదిలాడు. చేంతాడు అరచేతుల్లోంచి జారడం, అడుగున చేద ములగడం, బరువు తెలియడం, అన్నీ కనిపించాయి. రెండు కుండలూ నింపి కావిడి భుజానికెత్తుకుని నాలుగడుగులు వేశాడు. ముందు కూర్చున్న ముసలి రైతు పక్కవాడితో మామూలుగా, "ఎడం కుండ నిండెక్కువైపోనాది" అన్నాడు. బావ అది విన్నట్టే ఎడం చెయ్యి ఆసరా ఇచ్చాడు. షెడ్డంతా ఒక్క ఊపున నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. టైలరు రాణిగా వచ్చి దోసిలి పట్టాడు. జేబురుమాలు లేకుండానే పెదాలు కట్టుకుని ఉన్నాడు, పుణ్యాత్ముడు. బావ వంచి పోశాడు. రాణి తాగింది, పైటతో మూతి తుడుచుకుంది, వెళ్ళిపోయింది.

ఇక్కడ రాజు ఆమె పోయినవేపు చూసి, కావిడి ఎత్తుకుని రెండోవేపు వెళ్ళిపోవాలి. నేర్చుకున్నది అంతే. బావ వెళ్ళలేదు. కావిడి దించాడు. కుండవేపు చూశాడు. అలా చాలాసేపు చూశాడు. వంగి రెండు చేతులా కుండ ఎత్తి, పెదాలకి ఆనించి, తల వెనక్కి వాల్చి తాగడం మొదలుపెట్టాడు.

అక్కడున్న వాళ్ళలో ఇంట్లో నీళ్ళు కొలిచి పోసే గ్లాసు లేనివాళ్ళు తక్కువ. ఆయన గొంతు ముడి కిందికీ పైకీ ఆడుతోంది. గెడ్డం మీంచి నీళ్ళు కారి మెడ మీదకి వచ్చినట్టు భుజంతో తుడుచుకుని మళ్ళీ తాగాడు. అప్ప పీట మీంచి లేచి నిలబడింది.

ఇదంతా తర్వాత అందరూ చెబితే నాకు తెలిసింది. ఆ క్షణంలో నాకు నీళ్ళు కనబడలేదు. పద్యం పాడే చోట, పద్యం పాడే మనిషి, గెడ్డం పైకెత్తి, మెడ చాపి నిలబడున్నాడు. ఇరవై రెండేళ్ళు పై షడ్జం అందుకునే ముందు ఆయన అలాగే నిలబడ్డాడు. నాకు కనబడింది ఆ గొంతొక్కటే.

శృతి వేశాను. రెండులో.

పొరపాటున చెయ్యి పడిందని తర్వాత నలుగురికీ చెప్పుకున్నాను. నమ్మారు. హార్మనీ తెలిసినవాళ్ళు నమ్మకూడదు. మెట్టు మీద వేలు పొరపాటున పడొచ్చు. తిత్తి పొరపాటున ఆడదు. దానికి ఇంకో చెయ్యి కావాలి. పైగా ఇరవై రెండేళ్ళు నాలుగుకి అలవాటైన వేలు రెండు మీద దానంతటది ఎందుకు పడుతుంది? నేను ఇంట్లో తలుపేసుకుని సాధన చేసుకున్నది అదే. ఒట్టు గుర్తుంది, అప్ప గుమ్మంలో ఉందనీ తెలుసు. అయినా వేశాను.

బావ చేతులు కుండతో సహా ఆగిపోయాయి. నావేపు చూశాడు. ఆ తెలుపు వెనక ఏమనుకున్నాడో పోల్చుకోలేకపోయాను. తర్వాత రెండు చేతులూ విడిపోయాయి. కుండ అక్కడ ఇంక లేదు. కుడిచెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది, మా సమాజంలో శృతి వినపడితే ఎవరి చెయ్యైనా వెళ్ళినట్టు. పాడాడు.

రెండు పాదాలు పాడాడు. గొంతు సన్నబడిపోయింది, అంచులు అరిగిపోయాయి, కానీ మలుపు దగ్గర ఆ విసురు అలాగే ఉంది. నేను ఎక్కడ ఆపితే ఊపిరి చాలుతుందని లెక్క వేసుకున్నానో సరిగ్గా అక్కడే ఆగాడు. నాకు కళ్ళు కనిపించలేదు. వేళ్ళు వాయిస్తున్నాయి, నేను ఏడుస్తున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నా జన్మలో అంత సంతోషం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. మూడో పాదానికి ఊపిరి తెగింది. తెర చాటు నుంచి టైలరు అందుకున్నాడు. ముందు వరస ముసలాయన అందుకున్నాడు. గుట్టల మీదున్నవాళ్ళు, గుమ్మం బయటున్నవాళ్ళు, ఎనభై మందీ మిగతా పద్యం పాడేశారు. కొందరు మూడులో, కొందరు ఐదులో, ఎవడి శృతి వాడిదే. వన్స్‌మోర్ అని ఎవరూ అనలేదు.

బావకి ఏమీ కాలేదు. కాసేపు ఆయాసపడి సర్దుకున్నాడు. అప్ప ఆయన వీపు నిమిరి, నాడి చూసి, సీసా మూతతో కాసిని నీళ్ళు పట్టి, అప్పుడు నావేపు తిరిగింది.

"పెట్టి మీద సెయ్యేసినావు కదరా" అంది. అంతే. నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు.

డ్రాయింగు మాష్టారు మాత్రం నా చేతులు పట్టుకుని, అంత గొప్ప ముగింపు తనకి కలలో కూడా తట్టలేదన్నాడు. పలాస బజార్లో, టెక్కలి బస్సులో, నన్నెరిగిన వాళ్ళందరూ ఆ మాటే అన్నారు. పొరపాటునైతేనేం, పోయేముందు మహానుభావుడి చేత ఒక్క పద్యం పాడించావు, నీ రుణం తీర్చుకున్నావు అన్నారు. ఇప్పటికీ అంటారు. ఆ ఆట తర్వాత బావ బతికింది నాలుగు నెలలు. అందులో మళ్ళీ ఆట ఆడలేదు, పద్యం పాడలేదు. వేసవి దాకా విశాఖ వెళ్ళొస్తూనే ఉన్నాం. ఎండలు ముదిరాక ఆయన ఒంట్లో రైలెక్కే ఓపిక లేదు.

నన్ను మెచ్చుకున్న వాళ్ళకి ఎవరికీ చెప్పలేదు గాని, ఆ సాయంత్రం జనం వెళ్ళిపోయాక నేనూ బావా షెడ్డులో ఇద్దరమే మిగిలాం. ఆయన కొబ్బరికాయల గుట్టకి చేరబడి, కొబ్బరినూనె గుడ్డతో మొహం మీద తెలుపు తుడుచుకుంటున్నాడు. సగం మొహం మా బావది, సగం ఇంకా ఎవరిదో. నేను పెట్టె కట్టేస్తూ, మెచ్చుకుంటాడని ఆశపడి, పద్యం మాటే ఎత్తాను.

"రెండులో ఏసినాను బావా. సరిపోయిందా?"

"సరిపోయింది. నువ్వేసింది ఎపుడు సరిపోనేదు?" అన్నాడు.

గుడ్డ మడిచి ఇంకోవేపు తిప్పి కాసేపు తుడుచుకున్నాడు. తర్వాత కోపం లేకుండా, పొలం సంగతి చెబుతున్నట్టు చెప్పాడు.

"ఆ సప్పుడొచ్చినపుడు నాను తాగతన్నాను రా. ఉత్తినే కాదు. మన నూతి నీల్లే. సల్లగా దిగతన్నాయి, ఇదిగో ఇక్కడి దాకా. ఇంకో నాలుగు గుక్కలైతే దాహం తీరిపోయీది."

నా చేతిలో తాడు ముడి పడలేదు. ఆఖరికి, "మల్లీ ఆటేద్దుం బావా. ఈపాలి పెట్టి తేను" అన్నాను.

"తే. పెట్టి నేకపోతే అదేటి ఆట?" అన్నాడు. "నాను తాగడం అయ్యీదాకా ఆగు. అంతే."

"ఆగుతాను బావా" అన్నాను.